చూపు నిలకడ: పుట్టుకతో వచ్చిందెంత, నేర్చుకున్నదెంత?

ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి బస్తా వీపున వేసుకుని, లారీకి ఆనించిన చెక్క మీదుగా పైకెక్కే హమాలీని గమనించండి. అడుగడుగునా అతని తల అదురుతుంది, పక్కకు ఊగుతుంది. అయినా అతని కళ్లకు చెక్క ఊగదు. అదే సినిమా కెమెరాను ఆ తలకు కట్టి బొమ్మ తీస్తే, ఆ బొమ్మను తెరమీద రెండు నిమిషాలు చూడలేం.

ఈ నిలకడ ఎక్కణ్ణుంచి వచ్చింది? దేవుడిచ్చాడంటాడు భావవాది. అనుభవం నేర్పిందంటాడు తొందరపాటు భౌతికవాది. పరీక్షించకుండా చెప్పినంతవరకూ రెండు మాటలకూ విలువ ఒకటే. ప్రయోగశాల ఏం చెబుతోందో చూద్దాం.

ముందు యంత్రం సంగతి. ఒక్కొక్క కనుగుడ్డును ఆరు కండరాలు తిప్పుతాయి. వాటిని మెదడు నుంచి వచ్చే మూడు జతల నరాలు నడుపుతాయి. లోపలి చెవిలో మూడేసి అర్ధచంద్రాకారపు గొట్టాలున్నాయి. తల తిరిగితే వాటిలోని ద్రవం వెనకబడుతుంది, అక్కడి సన్నని రోమకణాలు వంగుతాయి. ఆ వార్త కంటి కండరానికి చేరడానికి మూడు నాడీకణాల గొలుసు చాలు. దీన్ని లోరెంతె దె నో అనే స్పానిష్ శాస్త్రజ్ఞుడు 1933లో వివరించాడు. తల కుడికి తిరిగితే కళ్లు అంతే వేగంతో ఎడమకు తిరుగుతాయి. ఇదంతా సుమారు సెకనులో నూరోవంతులో జరిగిపోతుంది. బొమ్మ జారడం కన్ను చూసి, మెదడుకు చెప్పి, సరిచేసుకోవాలంటే అంతకు ఎన్నో రెట్లు ఆలస్యం అవుతుంది. అంచేత నడిచే మనిషికి చూపు నిలబెట్టేది ప్రధానంగా చెవి!

ఇది మాటవరసకు అంటున్నది కాదు. క్షయకు వాడిన స్ట్రెప్టోమైసిన్ లోపలి చెవిలోని రోమకణాలను చంపగలదు. అలా దెబ్బతిన్న ఒక అమెరికన్ వైద్యుడు 1952లో తన అనుభవం రాశాడు. గుండె కొట్టుకున్నప్పుడల్లా తల కదిలే ఆ రవ్వంత కదలికకే పుస్తకంలో అక్షరాలు గెంతేవి. మంచం తలాపి కమ్మీలకు తల ఆనించి బిగబట్టుకుంటేగాని చదవలేకపోయాడు.

ఈ యంత్రం మనిషి సొత్తు కాదు. చేప మొదలు మనిషి వరకూ వెన్నెముక గల జంతువులన్నిటా దాదాపు ఇదే అమరిక ఉంది. సముద్రపు అడుగున పక్కకు వాలి పడుకునే బల్లపరుపు చేపలు పిల్లలుగా ఉన్నప్పుడు అన్ని చేపల్లాగే నిటారుగా ఈదుతాయి. పెరిగే దశలో ఒక కన్ను తలమీదుగా రెండోవైపుకు జరుగుతుంది. ఒళ్లు తొంభై డిగ్రీలు వాలినా లోపలి చెవి కన్నుతోపాటు జరగదు. అప్పుడు చెవికీ కంటి కండరాలకూ మధ్య కొత్త నాడీబంధాలు ఏర్పడతాయి. జీవితవిధానం మారితే నిర్మాణం మారక తప్పలేదు. జీవపరిణామానికి ఇంతకంటె కళ్లకు కట్టే సాక్ష్యం ఏం కావాలి?

ఇక అసలు ప్రశ్న: పిల్లజీవిలో ఈ నియంత్రణ ఎలా తయారవుతుంది? దీనికి సమాధానం చాలావరకు జీబ్రా చేప ఇచ్చింది. అది మన దేశపు వాగుల్లో బతికే అంగుళంన్నర చేప. దాని పిల్ల గాజులా పారదర్శకం. బతికుండగానే మెదడులోని నాడీకణాలు పనిచేయడం సూక్ష్మదర్శినిలో చూడొచ్చు. గుడ్డు ఫలదీకరణం చెందిన మూడో రోజుకల్లా పిల్ల కళ్లు తిప్పడం మొదలుపెడుతుంది. తరవాతి కొద్దిరోజుల్లో ఆ తిప్పడం కుదురుకుంటుంది. చూపు జారడం, దిద్దుకోవడం, ఇలా అభ్యాసం వల్లనే ఈ కుదురు వస్తుందని చాలాకాలం అనుకున్నారు. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ షాపిక్ బృందం దీన్ని పరీక్షకు పెట్టి 2025లో ఫలితం ప్రకటించింది. పుట్టుగుడ్డి చేపపిల్లల్లోనూ చూపు నిలిపే ప్రతిచర్య చక్కగా పక్వమైంది. మెదడులోని నాడీకణాలు ముందుగానే సిద్ధంగా ఉన్నాయి. ఆలస్యమల్లా చివరి మెట్టులో, నరం కండరాన్ని తాకే సంధిలో ఉంది.

అయితే పుట్టుకే సర్వస్వమని తీర్మానించేద్దామా? అదీ పొరపాటే. 1976లో గాన్‌షర్, మెల్విల్ జోన్స్ అనే శాస్త్రజ్ఞులు కుడియెడమలను తారుమారు చేసే పట్టకాలను మనుషుల కళ్లకు వారాల తరబడి తగిలించారు. పుట్టుకతో వచ్చిన ఆ ప్రతిచర్య క్రమంగా తగ్గి, దిశ మార్చుకోసాగింది. కొత్త కళ్లద్దాలు పెట్టుకున్నవాడికి రెండు రోజులు నేల తేలినట్టుండి, తరవాత సర్దుకోవడమూ ఈ కోవలోదే. ఈ సర్దుబాటులో ముఖ్యపాత్ర చిన్నమెదడుది.

పసిబిడ్డ విషయానికి వద్దాం. పుట్టిన బిడ్డ తల మెల్లగా తిప్పితే కళ్లు ఎదురుదిశకు పోతాయి. ఆ పాత యంత్రం అప్పటికే ఉంది. కాని కదిలే వస్తువును జారకుండా వెంబడించడం రెండు మూడు నెలలకు గాని సరిగ్గా మొదలవదు. రెండు కళ్లనూ ఒకే గురికి కలపడానికీ సుమారు అంతే కాలం పడుతుంది. ఈ రెండో పనికి అనుభవం తప్పనిసరి. హ్యూబెల్, వీజెల్ 1965లో పిల్లికూనల కళ్లకు మెల్ల తెప్పించి చూశారు. రెండు కళ్లకూ స్పందించవలసిన మెదడు కణాల్లో ఎక్కువభాగం ఒక్క కంటికే పరిమితమైపోయాయి. 1981లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. పుట్టు శుక్లాలతో ఏళ్లు గడిపి ఆలస్యంగా ఆపరేషన్ చేయించుకున్నవారిలో చాలామందికి కనుగుడ్ల అదురు పోదు. 1987లో హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఇలాంటివారిపై విలువైన పరిశోధన జరిగింది.

కాబట్టి ప్రకృతి కొన్నిటిని వేచి ఉండకుండా కట్టేస్తుంది. కొన్నిటిని సగం కట్టి, మిగతా సగం జీవితానికి వదిలి, గడువు పెడుతుంది. మన సమాజం తప్పు చేస్తున్నది ఆ గడువు దగ్గరే. మెల్లకన్ను అదృష్టమని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. దానికి తోడు, కూలి పోగొట్టుకుని బిడ్డను ఆసుపత్రికి తీసుకుపోవడం రెక్కాడితేగాని డొక్కాడని ఇంటికి చిన్న సంగతి కాదు. మూఢనమ్మకం ఆ పేదరికానికి ఓదార్పుగా పనికొస్తుంది. అందుకే అది అంత సులభంగా చావదు. ఈలోగా మెదడు వంకర కంటి వార్తను పట్టించుకోవడం మానేస్తుంది, ఆ కంటి చూపు మందగిస్తుంది. ఏడెనిమిదేళ్ల లోపల కళ్లద్దాలతోనో, మంచి కంటికి గంత కట్టో ఆ చూపును చాలావరకు తిరిగి రాబట్టొచ్చు. వయసు పెరిగినకొద్దీ ఫలితం తగ్గిపోతుంది.

నాలుగు నెలలు నిండాక కూడా బిడ్డ కన్ను పక్కకు పోతూంటే కంటివైద్యుడికి చూపించాలి. కంటిపాపలో తెల్లని మెరుపు కనబడితే ఒక్కరోజు కూడా ఆగగూడదు. అది కంటిలోని కాన్సరు గుర్తు కావచ్చు. ఈ మాట అంగన్‌వాడీ కార్యకర్తకు, బడిపంతులుకు, యార్డులో పనిచేసే ప్రతి తల్లికీ తెలియాలి. తెలిసిన తల్లికి కూలి పోకుండా వైద్యం అందాలి. ఈ రెండోది లేకుండా మొదటిదాన్ని గురించి ఎన్ని ఉపన్యాసాలిచ్చినా, నష్టపోయిన చూపును మళ్లీ తలరాత ఖాతాలోనే రాసుకుంటాం.