గ్రామఫోను పళ్ళెము ఎందుకు బరువుగా నుండవలెను?

మదనపల్లె థియొసాఫికల్ కళాశాలలో 1919లో రవీంద్రనాథ ఠాకూరు జనగణమన పాడి వినిపింపగా మార్గరెట్ కజిన్స్ దానికి స్వరలిపి కూర్చినది. కాగితముపై స్వరములు నిలిచినట్లే రికార్డుపై నాదము సన్నని గాడియై నిలుచును. ఆ గాడి వంపులలో వజ్రపుముల్లు కదలగా, ఆ కదలిక విద్యుత్తుగా మారి, తుదకు స్పీకరులో గానమగును. అయితే పాట కంపమేదో, గది కంపమేదో ముల్లునకు తెలియదు. ప్రక్కన ఎవరు నడచినను, మోటారు అదిరినను, ఆ యదురు పాటలో కలిసిపోవును.

కావున టర్న్‌టేబులు కొనునపుడు పైమెరుగులకంటె ముందు, రికార్డును మోయు పళ్ళెమును చూడుడు. నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగవలసిన పళ్ళెము తడబడినచో వీణానాదము వణకును. బరువైనది జడత్వముచే వేగమును నిలకడగా నుంచును. ముల్లుచేతి బరువును సరిదిద్దుకొను వీలులేని యంత్రమును నేను కొనుమనను: సాధారణముగా రెండు గ్రాముల ఒత్తిడి చాలును, మిక్కిలి హెచ్చినచో గాడి అరుగును, మరీ తగ్గినచో ముల్లు ఎగిరి గాడిని గాయపరచును. తాతలనాటి 78 చుట్ల రికార్డుల గాడి వెడల్పు గనుక వానికి వేరుముల్లే కావలయును.

ఇక కుప్పం, పుంగనూరు పిల్లలకు చేరువలోనే యొక సాధనమున్నది. కుప్పం గ్రానైటు పలకను రబ్బరు బిళ్ళలపై పరచి, రసమట్టముతో సమము చేసి, దానిపై యంత్రమును నిలుపుడు. స్పీకర్లను మాత్రము వేరొక బల్లపై నుంచుడు. ఆ పలక బరువును చిన్న యదురులు కదలింపజాలవు.