మీకు తెలుసా? ఎదురు తన్నే హ్యాండిల్

జల్‌పల్లి నుంచి పాతబస్తీలోకి వెళ్తే, చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కనిపిస్తుంది. ఆ తరం కార్లను ముందున్న హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేవారు.

• పిస్టన్ పైకి చేరకముందే స్పార్క్ పడితే ఇంజిన్ వెనక్కి తిరిగి, హ్యాండిల్ ఎదురు తన్నేది. మణికట్లు విరిగేవి.

• అందుకే స్టీరింగ్ దగ్గరి లివర్‌తో స్పార్క్‌ను ఆలస్యం చేసేవారు.

• ఇంజిన్ అందుకోగానే, ఏటవాలు పళ్ల వల్ల హ్యాండిల్ దానంతటదే విడిపోయేది.

• చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ 1912 మోడల్ కాడిలాక్‌లో వచ్చింది. సిల్వర్ ఘోస్ట్‌కు 1919లో అందింది.

పాత బండికి హ్యాండిల్ వేస్తున్నారా? బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉంచి, పైకి లాగండి, కిందికి నొక్కకండి.