కన్ను హఠాత్తుగా మసకబాఱినచో

కొందఱికి, విశేషముగా ఇరువదికిని నలువదికిని నడుమ వయసు గల స్త్రీలకు, ఉన్నట్టుండి ఒక కన్ను మసకబాఱును. కనుగ్రుడ్డు త్రిప్పినచో నొప్పి పుట్టును. ఎఱ్ఱని కుంకుమ ఆ కంటికి వెలసినట్లు కానవచ్చును. పైకి మాత్రము కన్ను నిర్మలముగనే యుండును. అందుచే మనము తలనొప్పి యనుకొని కలికము కొఱకు వెదకుదుము. వాచినది కన్ను కాదు, చూపును మెదడునకు గొనిపోవు నాడి. కలికము అచ్చటికి చేరదు.

ఆసుపత్రిలో మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అను స్టీరాయిడు మందును సాధారణముగా దినమునకు 1 గ్రాము చొప్పున మూడు దినములు రక్తనాళములోనికి ఎక్కింతురు. పిమ్మట కొన్నాళ్లు మాత్రల నిత్తురు. అమెరికాలో 457 మంది రోగులపై జరిగిన పరీక్షల ఫలితములు 1992లో వెలువడినవి. మందు ఎక్కించినవారికి చూపు త్వరగా మఱలెను. కాని ఆఱు నెలలు గడచునప్పటికి, మందు లేనివారికిని చూపు ఇంచుమించు అంతే వచ్చెను. మామూలు మోతాదులో మాత్రలు మాత్రమే మ్రింగినవారికో, రోగము తిరుగబెట్టుట హెచ్చయ్యెను! పొరుగింట మిగిలిన మాత్రలు తెచ్చుకొను సోదరీమణులు దీనిని గమనింపవలెను.

మఱి మందెందులకు, ఆగి చూడరాదా యందురేమో. అందఱి వ్యాధియు ఒక్కటి కాదు. కొందఱి రక్తములో ఆక్వాపోరిన్-4 అను పదార్థమునకు విరోధులైన ప్రతిరక్షకము లుండును. అట్టివారికి జాగుచేసినచో చూపు మఱలకయే పోవచ్చును. స్టీరాయిడు చాలనిచో, రక్తమునందలి ప్లాస్మాను తీసి మార్చు చికిత్స చేయుదురు. అందుకే వైద్యులు రక్తపరీక్షయు, ఎం.ఆర్.ఐ. చిత్రమును కోరుదురు. ఈ మందు రక్తములో చక్కెరను పెంచును గనుక, మధుమేహము గలవారు ఆ సంగతి ముందే చెప్పవలెను.