గాయం ఎంత లోతు?

సైకిల్ మీంచి పడి మోకాలు గీరుకుపోయిన పిల్లవాడికి వారం పది రోజుల్లో కొత్త చర్మం వస్తుంది. చాలాసార్లు మచ్చ కూడా మిగలదు. అదే చోట మరిగే నూనె పడి లోతుగా కాలితే నెల దాటినా పుండు మూసుకోకపోవచ్చు. ఈ తేడా ఎందుకో తెలిస్తే, బెంగళూరు విక్టోరియా ఆసుపత్రిలో చనిపోయినవారి చర్మాన్ని ఎందుకు దాచిపెడుతున్నారో కూడా అర్థమవుతుంది.

మనకు కనిపించే పైపొర బాహ్యచర్మం. చాలాచోట్ల దీని మందం మిల్లీమీటరులో పదో వంతే ఉంటుంది. అరికాలిలో మాత్రం మిల్లీమీటరు దాటుతుంది. ఈ పొర అడుగు వరుసలో ఎప్పుడూ కొత్త కణాలు పుడుతుంటాయి. అవి పైకి జరుగుతూ గట్టిపడి, చనిపోయి, రాలిపోతాయి. ఇలా సుమారు నెల రోజులకు పైపొర అంతా మారిపోతుంది. ఇందులో రక్తనాళాలు లేవు. కాబట్టి రక్తం కారిందంటే గాయం కిందిపొరను తాకిందన్నమాట.

ఆ కిందిపొర అంతశ్చర్మం. రక్తనాళాలు, నరాలు, చెమట గ్రంథులు, వెంట్రుకల కుదుళ్లు ఉండేది ఇక్కడే. దీనికి బలాన్నిచ్చేది కొల్లాజెన్ అనే ప్రోటీన్. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సి.వి. రామన్ శిష్యుడైన జి.ఎన్. రామచంద్రన్, మద్రాసు విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ, గోపీనాథ్ కర్తాతో కలిసి 1954లో దీని నిర్మాణాన్ని ప్రతిపాదించారు. మూడు పోగులు పేనిన తాడులా ఇందులో మూడు ప్రోటీన్ గొలుసులు మెలితిరిగి ఉంటాయి. ఆ మెలి గట్టిగా నిలవడానికి విటమిన్ సి కావాలి. అది అందక స్కర్వీ జబ్బు పడ్డ పాతకాలపు నావికులకు ఎప్పుడో మానిన గాయాలు కూడా మళ్లీ తెరుచుకునేవి.

గాయం మానడంలో అసలు కీలకం వెంట్రుకల కుదుళ్లలో ఉంది. వెంట్రుక అంతశ్చర్మం లోపలి దాకా దిగి ఉంటుంది. దాని చుట్టూ బాహ్యచర్మపు కణాలే లోపలికి దిగి గోడలా ఉంటాయి. పైపొర మొత్తం ఊడిపోయినా కుదుళ్లు మిగిలితే చాలు. ఒక్కో కుదురు నుంచి కణాలు బయటికి పాకి, పక్క కుదురు నుంచి వచ్చినవాటితో కలుస్తాయి. గీరుకుపోయిన మోకాలు త్వరగా మానేది ఇందుకే. కుదుళ్లు కూడా కాలిపోతే పుండు అంచుల నుంచి తప్ప కొత్త చర్మం వచ్చే దారి లేదు. పుండు పెద్దదైతే ఆ అంచులు ఎంతకీ కలవవు.

గాయమైన కొద్ది నిమిషాల్లోనే ప్లేట్‌లెట్లు గుమికూడతాయి, ఫైబ్రిన్ దారాలు వల అల్లుతాయి, రక్తం గడ్డకడుతుంది. తర్వాత తెల్లరక్తకణాలు వచ్చి సూక్ష్మజీవులను, చచ్చిన కణజాలాన్ని తినేస్తాయి. మొదటి రెండు మూడు రోజుల్లో కనిపించే ఎరుపు, వాపు ఈ పనికి గుర్తులే. ఆపైన ఫైబ్రోబ్లాస్ట్ కణాలు కొల్లాజెన్ తయారుచేస్తాయి, కొత్త రక్తనాళాలు మొలుస్తాయి. పుండులో ఎర్రగా, గరుకుగా కండ పెరగడం మంచి సూచన. పైకి మానినట్టు కనిపించినా లోపల మరమ్మతు ఏడాది దాకా సాగుతుంది. అయినా మచ్చ పడ్డచోట చర్మానికి మునుపటి బలంలో సుమారు 80 శాతానికి మించి తిరిగి రాదు. మధుమేహం ఉన్నవారిలో రక్తప్రసరణ తగ్గడం, వాపు దశ దాటకపోవడం వల్ల ఈ క్రమం మధ్యలోనే ఆగిపోవచ్చు. నరాలు మొద్దుబారితే కాలికి పుండు పడిన సంగతే తెలియకపోవచ్చు కూడా.

పక్కు కట్టేలా గాయాన్ని ఆరబెట్టాలని చాలామంది అనుకుంటారు. 1962లో జార్జ్ వింటర్ పందుల మీద చేసిన ప్రయోగంలో, తడి ఆరకుండా కప్పి ఉంచిన గాయాలపై పైపొర దాదాపు రెట్టింపు వేగంతో ఏర్పడింది. ఎండిన పక్కు ఉంటే కొత్త కణాలు దాని కిందుగా దారి వెతుక్కుంటూ పాకాల్సి వస్తుంది.

ఒళ్లు ఎక్కువ భాగం లోతుగా కాలినప్పుడు పుండు గుండా నీరు, ప్రోటీన్లు కారిపోతాయి, సూక్ష్మజీవులు లోపలికి చొరబడతాయి. అప్పుడు రోగి తొడ నుంచే పలుచటి చర్మం తీసి పుండు మీద అతుకుతారు. తొడ మీద కుదుళ్లు మిగులుతాయి కాబట్టి అక్కడ రెండు వారాల్లో మళ్లీ చర్మం వస్తుంది. కానీ ఒంటిమీద మంచి చర్మమే తక్కువైతే? 2016లో విక్టోరియా ఆసుపత్రిలో చర్మనిధి, అంటే స్కిన్ బ్యాంక్, ఈ అవసరం కోసమే మొదలైంది. హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో 2021లో ఏర్పాటైంది.

దానంగా వచ్చిన చర్మం శాశ్వతంగా అతుక్కోదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో గ్లాస్గోలో కాలిన గాయాలతో ఉన్న ఒక మహిళకు ఆమె సోదరుడి చర్మం అతికి చూశారు పీటర్ మెడావర్, థామస్ గిబ్సన్. శరీరం దాన్ని తిరస్కరించింది. రెండోసారి అతికితే ఇంకా త్వరగా తోసేసింది. రోగనిరోధక శక్తి పరాయిదాన్ని గుర్తుపెట్టుకుంటుందని అలా తేలింది. ఈ దారిలో సాగిన పరిశోధనకే మెడావర్‌కు 1960లో నోబెల్ వచ్చింది. అయితే తిరస్కరణకు రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా నొప్పి, ఇన్ఫెక్షన్, నీటి నష్టం తగ్గి రోగి కోలుకుంటాడు, సొంత చర్మం తీయడానికి వ్యవధి దొరుకుతుంది.

ఇంట్లో ఎవరికైనా కాలితే ముందు చేయాల్సింది కుళాయి ధార కింద 20 నిమిషాలు ఉంచడం. లోపల దాగిన వేడి కిందిపొరకు దిగకుండా ఆ నీళ్లే ఆపుతాయి. ఐస్, టూత్‌పేస్ట్, సిరా, పసుపు పెట్టకూడదు. బొబ్బలు చిదపకూడదు.

చర్మదానానికి రక్తం గ్రూపు కలవనక్కర్లేదు. 18 ఏళ్లు నిండినవారు ఇవ్వవచ్చు. హెచ్ఐవీ, హెపటైటిస్, చర్మ క్యాన్సర్ ఉంటే తీసుకోరు. మరణించిన ఆరు గంటల్లోపు తొడలు, కాళ్లు, వీపు నుంచి పలుచటి పైభాగం మాత్రమే తీసి కట్టు కడతారు. శరీరం వికారంగా మారదు. ఆ చర్మం గ్లిజరాల్‌లో 4 నుంచి 8 డిగ్రీల చలిలో ఐదేళ్ల దాకా నిలవ ఉంటుంది. అనుమతి ఇవ్వాల్సింది కుటుంబమే. ఏడుపుల మధ్య ఆ ఆరు గంటలు ఇట్టే గడిచిపోతాయి కాబట్టి, ఇవ్వాలనుకునేవారు బతికుండగానే ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచాలి.