చందా తీరిన పిదప

తాళ్ళపాక కవుల కీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమల ఆలయమందలి సంకీర్తన భాండారములో శతాబ్దములు నిలిచినవి. చదువువారు లేకున్నను రేకు చెడలేదు. అచ్చు పత్రికయు కొంతవర కట్టిదే: చందా మానినను పాత సంపుటములు బీరువాలో నుండును. కాని చెదలు చందా కట్టకయే చదువును!

ఆన్‌లైన్ పత్రిక సంగతి వేరు. ప్రతి ప్రచురణకర్త కంప్యూటరులో నుండును. గ్రంథాలయమునకు దక్కునది చూచు హక్కు. ఏకకాలమున పలువురు చదువవచ్చును, నిజమే. అయితే ఒప్పందములో శాశ్వత హక్కు వ్రాసికొననిచో చందాతోపాటు పాత సంచికలును మూతపడవచ్చును.

2025 జనవరిలో ఆరంభమైన ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకము 30 ప్రచురణకర్తల సుమారు 13,000 పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు తెరచినది. కేటాయించిన 6,000 కోట్ల రూపాయలు 2027 వరకు. ఇవి ముఖ్యముగా అంతర్జాతీయ పత్రికలు. తెలుగు పత్రికల సంపుటములను గ్రంథాలయములు కట్టించి దాచుకొనవలసియే యున్నది.