చంక దిగిన తర్వాత

ఏడిస్తే ఎవరో ఒకరు వస్తారన్న నమ్మకం దగ్గరే పిల్లల ఆత్మవిశ్వాసం మొదలవుతుంది. పాలు తాగే వయసులో ఆ నమ్మకం కుదిరితే పెద్దయ్యాక చొరవ, ఓర్పు, నలుగురితో కలిసిపోయే గుణం అలవడతాయి. తెలుగు ఇళ్లలో ఈ తొలి దశకు పెద్దగా లోటుండదు. కాళ్ల మీద వేసుకుని లాలపోసే అమ్మమ్మ, చంకనేసుకుని వీధంతా తిప్పే మేనత్త, చందమామను చూపించి గోరుముద్దలు తినిపించే నానమ్మ చాలామంది పిల్లలకు దొరుకుతారు. బిడ్డ చంక దిగి బడికి వెళ్లడం మొదలుపెట్టాకే చిక్కు వస్తుంది. అయిదేళ్లూ నడిచిన మురిపెం పోయి ఆ జాగాలో మార్కులు వచ్చి కూర్చుంటాయి. పిల్లల పెంపకంపై డెబ్బై ఏళ్లకు పైగా సాగిన పరిశోధనలు చెబుతున్నది వేరు: చంకలో ఉన్నప్పుడు దొరికిన ఆసరా చంక దిగాక కూడా దొరకాలి, కాకపోతే దాని రూపం మారాలి.

ఈ ఆసరాకు శాస్త్రంలో చోటు కల్పించినవారు బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇల్లూవాకిలీ లేకుండా పోయిన పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం ఆయన రాసిన నివేదిక 1951లో వెలువడింది. తిండికీ మందులకూ కొరత లేకపోయినా, నా అనే మనిషి లేని పిల్లలు మానసికంగా దెబ్బతింటారని అందులో వాదించారు. బిడ్డ తల్లిని అంటిపెట్టుకునేది పాల కోసమేనన్న అభిప్రాయం అప్పట్లో బలంగా ఉండేది. అమెరికాలో హారీ హార్లో కోతిపిల్లల మీద చేసి 1958లో ప్రకటించిన ప్రయోగాలు దాన్ని తలకిందులు చేశాయి. పాలసీసా ఉన్న ఇనుపతీగ బొమ్మ ఒకటి, మెత్తటి గుడ్డ చుట్టిన బొమ్మ ఒకటి పెడితే, పిల్లలు తీగబొమ్మ దగ్గర పాలు తాగేసి వచ్చి రోజంతా గుడ్డబొమ్మనే కరుచుకుని ఉన్నాయి. తల్లుల నుంచి వేరుచేసిన ఆ కోతిపిల్లలు పడ్డ బాధ మాత్రం చిన్నది కాదు.

మనుషుల పిల్లల దగ్గరికి వస్తే, మనస్తత్వవేత్త మేరీ ఐన్స్‌వర్త్ పద్ధతి చాలా సాదాగా కనిపిస్తుంది. ఒక గది, కొన్ని బొమ్మలు, ఒక తల్లి, ఏడాది నిండిన బిడ్డ. కొత్త మనిషి ఒకామె లోపలికి వస్తుంది. కాసేపటికి తల్లి లేచి బయటికి వెళ్తుంది, కొద్ది నిమిషాల తర్వాత తిరిగొస్తుంది. అంతా కలిపి ఇరవై నిమిషాల తతంగం. తల్లి వెళ్లినప్పుడు బిడ్డ ఎంత ఏడ్చిందన్నదాని కంటే ఆమె తిరిగొచ్చినప్పుడు ఏం చేసిందన్న దాని మీదే ఐన్స్‌వర్త్ ఎక్కువ దృష్టి పెట్టారు. మూడింట రెండు వంతుల పిల్లలు తల్లిని చూడగానే చేతులు చాచారు, ఒళ్లో కాసేపు ఊరట పొంది మళ్లీ బొమ్మల దగ్గరికి పాక్కుంటూ వెళ్లిపోయారు. కొందరు ఎత్తుకోమని ఏడ్చి, ఎత్తుకోగానే తోసేసి, ఎంతకీ ఊరుకోలేదు. ఇంకొందరు తల్లి వచ్చినా పట్టనట్టు బొమ్మతోనే ఉండిపోయారు. ఇలాంటి బిడ్డను చూసి ‘ఎంత బుద్ధిమంతుడో, కిక్కురుమనలేదు’ అని మెచ్చుకోవడం మన ఇళ్లలో మామూలే. తర్వాతి పరిశోధకులు గుండె వేగం కొలిచి చూస్తే ఆ పిల్లల్లోనూ కలవరం తక్కువేమీ లేదని తేలింది. వాళ్లు నేర్చుకున్నది దాన్ని బయటపడనివ్వకపోవడం.

‘ఊరికే ఎత్తుకోకు, చేతులకు అలవాటు పడతాడు’ అనే హెచ్చరిక బాలింత చెవిన పడుతూనే ఉంటుంది. బాల్టిమోర్‌లో ఇళ్లకు వెళ్లి తల్లీబిడ్డలను నెలల తరబడి గమనించిన సిల్వియా బెల్, ఐన్స్‌వర్త్ 1972లో ప్రకటించిన ఫలితం దీనికి ఎదురుగా ఉంది. మొదటి నెలల్లో ఏడ్చిన వెంటనే ఎవరో ఒకరు పలికిన పిల్లలు ఏడాది నిండేసరికి మిగతావారి కంటే తక్కువ ఏడ్చారు.

అలాగని తల్లి ఏ క్షణమూ ఏమరకూడదని కాదు. మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్ 1970లలో చేసిన పరిశీలనలో, నవ్వుతూ కబుర్లు చెబుతున్న తల్లి ఉన్నట్టుండి ముఖాన ఏ భావమూ లేకుండా రెండు మూడు నిమిషాలు కూర్చుంటుంది. బిడ్డ ముందు నవ్వుతుంది, తర్వాత వేలు చూపి పిలుస్తుంది, చివరికి ముఖం తిప్పుకుని ఏడుస్తుంది. తల్లి మళ్లీ మామూలుగా పలకరించాక తేరుకుంటుంది. రోజువారీ ఆటపాటల్లో కూడా తల్లీబిడ్డల మనసులు కలిసే సమయం మూడింట ఒక వంతుకు మించదని ట్రానిక్ లెక్కతేల్చారు. మిగతాదంతా తప్పిపోవడం, తిరిగి కలవడం. పిల్లలకు ధీమానిచ్చేది ఈ తిరిగి కలవడమే. ఉద్యోగం నుంచి అలసి వచ్చి బిడ్డ మీద విసుక్కున్న తల్లి, కాసేపటికి దగ్గరికి తీసుకుని ‘ఇందాక ఊరికే అరిచాను కదూ, రా’ అంటే పోయేదేమీ లేదు. పిల్లల ముందు తప్పు ఒప్పుకుంటే లోకువైపోతామన్న భయంతో తండ్రులు ఈ పని చేయడం అరుదు.

కింద పడితే నేలను కొట్టడం

ఏడాదిన్నర నుంచి నాలుగైదేళ్ల వరకు పిల్లలకు కోపం, అసూయ, భయం అన్నీ పెద్ద మోతాదులోనే వస్తాయి, వాటిని అదుపు చేసుకునే శక్తి మాత్రం ఇంకా రాదు. ఆవేశాన్ని నిలవరించే మెదడు ముందు భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్లు దాటాలి. కాబట్టి రెండేళ్ల పిల్ల దుకాణం ముందు నేల మీద పడి దొర్లితే, అది పొగరు కాదు, వయసు.

బుడిబుడి అడుగుల బిడ్డ గడప తట్టుకుని పడితే ఇంట్లో ఏం జరుగుతుందో చూడాలి. పెద్దావిడ పరుగున వచ్చి, గడపను రెండు దెబ్బలు కొట్టి, ‘మా బంగారాన్ని పడేస్తావా’ అంటుంది. బిడ్డ ఏడుపు ఆపి గడప వైపు చూస్తుంది. ఆ ఉపాయం పనిచేసినట్టే కనిపిస్తుంది, అందులో ప్రేమకూ కొదవ లేదు. అయితే మోకాలు మండుతోందన్న సంగతి ఎవరూ ఎత్తలేదు, తప్పు మాత్రం గడప మీదికి పోయింది. ‘దెబ్బ తగిలిందా, మంటగా ఉందా, ఇలా రా ఊదుతాను’ అంటే బిడ్డకు తన బాధేమిటో తెలుస్తుంది, అది తగ్గుతుందనీ తెలుస్తుంది. అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ 1990లలో కుటుంబాలను పరిశీలించి చెప్పింది దాదాపు ఇదే: పిల్లల భావాన్ని ముందు గుర్తించి, దానికి మాట ఇచ్చి, ఆ తర్వాత ప్రవర్తనకు హద్దు గీయాలి. తమ్ముడి మీద కోపం రావడం తప్పు కాదు, తమ్ముడిని కొరకడం తప్పు. ‘మగపిల్లాడివై ఉండి ఏడుస్తావేంట్రా’, ‘పోలీసోడికి పట్టిస్తా’ లాంటి మాటలు ఏడుపును ఆపుతాయి, దాని వెనకున్న కారణాన్ని లోపలే వదిలేస్తాయి.

ఒకే కడుపున పుట్టిన ఇద్దరు ఒకలా ఉండరన్నది ఏ తల్లికైనా తెలుసు. 1956లో న్యూయార్క్‌లో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ మొదలుపెట్టిన అధ్యయనం ఈ తేడాలు పసితనం నుంచే ఉంటాయని చూపింది. వారి లెక్కలో దాదాపు 40 శాతం పిల్లలు తేలికగా సర్దుకుపోయేవారు, 10 శాతం మొండికేసేవారు, 15 శాతం కొత్తకు అలవాటు పడటానికి సమయం తీసుకునేవారు. మిగతావారు ఏ ఒక్క గుంపులోనూ ఇమడరు. చుట్టాలు రాగానే ‘అంకుల్‌కి రైమ్ చెప్పు’ అని ముందుకు తోస్తే మొదటి రకం పిల్ల గడగడా చెబుతుంది, మూడో రకం పిల్ల అమ్మ కొంగు చాటుకు వెళుతుంది. ఆ పిల్లను పిరికిదని నలుగురిలో అనడంతో నిజమైన పిరికితనం మొదలవుతుంది. అదే పిల్లను కాసేపు వదిలేస్తే, చుట్టాలు వెళ్లేలోపు తనంతట తనే వచ్చి ఏదో బొమ్మ చూపిస్తుంది.

క్రమశిక్షణ గురించి ఎక్కువగా ప్రస్తావించే పేరు మనస్తత్వవేత్త డయానా బామ్‌రిండ్. కాలిఫోర్నియాలోని బర్కిలీలో 1960లలో ఆమె పెంపకాన్ని మూడు తీరులుగా చూశారు: చెప్పినట్టు వినాల్సిందే అనేవారు, అడిగిందల్లా ఇచ్చేవారు, హద్దులు గట్టిగా పెడుతూనే కారణం చెప్పి పిల్లల మాట వినేవారు. మూడో తీరులో పెరిగిన పిల్లలే ధీమాగా, తమను తాము అదుపులో పెట్టుకోగలిగేలా ఎదిగారు. అసలే పట్టించుకోని తీరును 1983లో వేరే పరిశోధకులు చేర్చారు. ఇది అమెరికన్ మధ్యతరగతి నుంచి తీసిన పటం, మన ఉమ్మడి ఇంటికి అంత సరిగ్గా సరిపోదు. ఇక్కడ ఒకే కప్పు కింద నాన్న మొదటి రకం, నానమ్మ రెండో రకం కావచ్చు. నాన్న వద్దన్నది నానమ్మ దగ్గర దొరుకుతుందని బిడ్డ మూడేళ్లకే పసిగడుతుంది. ఎవరు ఎంత గట్టిగా ఉన్నారన్నది తర్వాతి సంగతి, ఇంట్లో అందరిదీ ఒకే మాట కావడం ముందు అవసరం.

దెబ్బల విషయంలో సందేహానికి చోటు లేదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రచురించిన అధ్యయనం ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో జరిగింది. ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు శారీరక హింసకు గురవుతున్నట్టు, ఇంట్లో అలా గురైనవారిలో 88.6 శాతం మందిని కొట్టింది తల్లిదండ్రులే అయినట్టు అది తేల్చింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఇంటికి అలాంటి సెక్షన్ లేదు. దెబ్బకు భయపడిన పిల్లవాడు ఆ పని మానడు, కొట్టే మనిషి లేనప్పుడు చేస్తాడు.

చేసుకోనివ్వడం, మెచ్చుకోవడం

ధైర్యం చెబితే వచ్చేది కొంచెమే, పని చేస్తే వచ్చేదే ఎక్కువ. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసులోని అడయార్‌కు వచ్చి, యుద్ధకాలమంతా భారతదేశంలోనే ఉండి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఆమె పద్ధతిలో మూడేళ్ల పిల్లలు చిన్న చెంబులోంచి గ్లాసులోకి నీళ్లు వంపుకుంటారు, గుండీలు పెట్టుకుంటారు, ఒలికిన నీళ్లు తామే తుడుస్తారు. మన ఇళ్లలో ఏడెనిమిదేళ్ల పిల్లవాడికి కూడా అన్నం కలిపి, ఫోన్‌లో వీడియో పెట్టి నోట్లో ముద్ద పెట్టడం కనిపిస్తుంది. ముద్ద పెట్టడంలో ఆప్యాయత ఉంది, కాదనలేం. కానీ తనకు ఎంత ఆకలేస్తోందో తెలుసుకునే అవకాశం ఆ పిల్లవాడికి పోతుంది. ఆ ఫోన్ సంగతికొస్తే, రెండేళ్ల లోపు తెర అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వరకు రోజుకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

పిల్లలను మైకు ముందుకు తెచ్చిన ఒక తెలుగు సంప్రదాయాన్నీ ఇక్కడ చెప్పుకోవాలి. రేడియో అన్నయ్యగా పేరుపడ్డ న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమాలు నడిపారు, ఆంధ్ర బాలానంద సంఘాన్ని స్థాపించారు. పాడేదీ, ఆడేదీ, నాటకం వేసేదీ పిల్లలే.

మెచ్చుకోలు విషయంలో క్లాడియా ముల్లర్, కెరొల్ డ్వెక్ 1998లో ప్రకటించిన ప్రయోగాలు ప్రసిద్ధం. అయిదో తరగతి పిల్లలకు కొన్ని చిక్కుప్రశ్నలిచ్చి, కొందరిని ‘తెలివైనవాళ్లు’ అనీ, కొందరిని ‘బాగా కష్టపడ్డారు’ అనీ మెచ్చుకున్నారు. తర్వాత కష్టమైనవి ఇచ్చి తడబడేలా చేశారు. తెలివైనవారు అనిపించుకున్న పిల్లలు ఆపై ఇచ్చిన తేలిక ప్రశ్నల్లోనూ వెనకబడ్డారు. తమ మార్కులు తోటివారికి రాసి పంపమంటే వారిలో దాదాపు 38 శాతం మంది ఎక్కువ వేసి చెప్పారు. స్లిప్ టెస్టు పేపరు బ్యాగు అడుగున దాచే పిల్లల సంగతి ఇక్కడే అర్థమవుతుంది. తెలివి కృషితో పెరుగుతుందన్న డ్వెక్ సిద్ధాంతం మీద తర్వాత జరిగిన పెద్ద అధ్యయనాల్లో ప్రభావం ఉన్నా అది చిన్నదేనని తేలింది, కాబట్టి దాన్ని మంత్రదండంలా చూడనక్కర్లేదు. పక్కింటి పిల్లవాడితో పోల్చడం మానడం అంతకంటే తక్షణ అవసరం.

హాస్టల్ గేటు దగ్గర

పదో తరగతి పూర్తి కాగానే తెలుగు రాష్ట్రాల్లో లక్షలాది పిల్లలు ఇంటర్‌కు వెళతారు, వారిలో చాలామంది రెసిడెన్షియల్ కాలేజీల్లో చేరతారు. తెల్లవారకముందే స్టడీ అవర్, వీకెండ్ టెస్టు, మార్కులను బట్టి మారే సెక్షన్. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసుకు రాత్రి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. ఆ టైంటేబుల్లో అది ఇమడటం కష్టం. వారానికోసారి వార్డెన్ ఫోన్ ఇస్తే అటునుంచి వచ్చే మొదటి ప్రశ్న ‘టెస్టులో ఎన్నొచ్చాయి?’. రెండోది ‘తిన్నావా?’. మూడోదానికి టైం ఉండదు. ఇంటి మనిషి గొంతు వినపడే ఆ కాస్త సమయమూ ప్రోగ్రెస్ కార్డుకే పోతుంది. బిడ్డ ఏడాది వయసులో అమ్మ ఆ బొమ్మల గదిలోకి తిరిగొచ్చినట్టే ఈ ఫోన్ కూడా ఒక తిరిగి రావడం; ముందు ఊరట దొరికితేనే పిల్లలు చదువు వైపు మళ్లుతారు.

2023లో విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ ఒక విద్యార్థిని చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, మార్కులను బట్టి బ్యాచులు విడదీయడం, నలుగురిలో అవమానించడం మానాలని అందులో ఉంది. కాలేజీలో చేర్పించేటప్పుడు ల్యాబ్, ర్యాంకుల బోర్డు చూసే తల్లిదండ్రులు కౌన్సెలర్ గది ఎక్కడుందో కూడా అడగవచ్చు.

ఇల్లే సరిగా లేని పిల్లల మాటేమిటి? హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మందిని మనస్తత్వవేత్త ఎమ్మీ వెర్నర్ దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, ఇంట్లో గొడవలు, తాగుడు మధ్య పెరిగినవారిలో కూడా మూడింట ఒక వంతు మంది నిబ్బరంగా ఎదిగారు. వారిలో చాలామందికి తాతో, అమ్మమ్మో, ఒక టీచరో, తమను నమ్మిన పెద్ద మనిషి ఒక్కరైనా ఉన్నారు. ఇంట్లో చేయాల్సిన ఏదో ఒక పని కూడా వారి బాధ్యతగా ఉండేది.

రెండు వారాలకు మించి నిద్ర, తిండి తప్పడం, ఇష్టమైన ఆటను, స్నేహితులను వదిలేయడం, ‘నేను లేకపోతే మీకు బాగుంటుంది’ లాంటి మాటలు అనడం కనిపిస్తే మందలింపుతో సరిపెట్టకూడదు. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని పెద్దలు జంకుతారు. అలా జరగదని, అడిగితే పిల్లలకు మనసు విప్పే దారి దొరుకుతుందని మానసిక వైద్యులు చెబుతున్నారు. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు 14416 నంబరులో రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లలపై హింస జరుగుతున్నట్టు తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పవచ్చు. ఈ రెండు నంబర్లకూ పిల్లలు తమంతట తామే ఫోన్ చేసుకోవచ్చు, తల్లిదండ్రుల అనుమతి అక్కర్లేదు.