కాశీ డబ్బా

మా ఇంట్లో పోపులపెట్టె పక్కన ఒక పాత డబ్బా ఉంది. దాని పేరు కాశీ. పదేళ్లుగా నెలనెలా అందులో కాస్త వేస్తున్నాం. ఏటా జూన్‌లో అమ్మాయి ఫీజుకు తీస్తున్నాం. ప్రైవేటు కాలేజీలో తెలుగు లెక్చరరు జీతమెంతో మీకు వేరే చెప్పాలా?

అలాగని మేం కాశీ వెళ్లడం లేదనుకోకండి! ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మేలో చెన్నపట్నం నుంచి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చారు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర రోజూ భోజనాలయ్యాక రెండేసి పేజీలు నేను చదువుతాను, మా ఆవిడ వింటుంది. మజిలీకి రెండు గ్లాసుల మజ్జిగ ఖర్చు.

మొన్న ఆదివారం రాజమండ్రి నుంచి కొవ్వూరుకు రైలెక్కాం. వంతెన మీద ఆవిడ కొంగుముడి విప్పి, గోదావరిలో రూపాయి వేసి దణ్ణం పెట్టుకుంది.

“ఏం కోరుకున్నావ్?”

“ఏమీ లేదు. గంగ ఇంతకన్నా వెడల్పా అండీ?”

“కాశీ దగ్గర ఇంత ఉండదు. మనదే పెద్దది.”

ఆవిడ ముఖం వికసించింది. కాసేపాగి, “మనం వెళ్లేలోగా పుస్తకం అయిపోతేనో?” అంది.

“మళ్లీ చెన్నపట్నం నుంచి బయలుదేరదాం” అన్నాను.

కొవ్వూరులో దిగి, వేడి బజ్జీలు తిని, తిరుగు బండి ఎక్కాం. మిగిలిన చిల్లర ఆ రాత్రి డబ్బాలో గలగలమంది.